పన్నెండో నంబరు వేషం

ఆదివారం మధ్యాహ్నం గుత్తివంకాయ కలుపుకుంటూ నైనిక అన్న ఒక్క మాటకి ధర్మారావు ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మా ప్రాక్టీస్‌కి పవన్ అని ఒకడు వస్తున్నాడు నాన్నా. తెలుగే. మాతో వేషాలు వేస్తాడు."

"ఏం వేస్తాడూ?"

"వేషాలు. ప్రతి వీక్ కొత్తది. సో ఫన్నీ. కానీ చాలా గట్టిగా పుష్ చేస్తాడు, ఇది చూడు." మోచేతి దగ్గర కమిలిన చోటు చూపించి, అదేదో గొప్పలాగా నవ్వి, పెరుగు వేసుకుంది.

ఇంకా అడుగుదామనుకునే లోపే టీమ్ గ్రూపులో మెసేజ్ రావడం, ఆ పిల్ల చెయ్యి కడుక్కుని కారు తీయడం అయిపోయాయి. కాలేజీ వాళ్ళుండే మోరిస్‌విల్‌కి ముప్పావుగంట దూరం. హాస్టల్లో ఉంటూ ఆదివారం భోజనానికి మాత్రం ఇంటికొస్తుంది.

ధర్మారావు అసలే అనుమానం మనిషి. ఊళ్ళో పెద్ద కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టరు. ఎక్కడో తప్పు ఉండే ఉంటుంది, దొరికేదాకా వెతకాలి అన్న గుణమే అతనికి అన్నం పెడుతోంది. ఆ గుణాన్ని ఆఫీసులో వదిలి రావడం మాత్రం చేతకాలేదు. పాల డబ్బా మీద తేదీ చూశాక కూడా మూత తీసి వాసన చూస్తాడు. గుమ్మం ముందు ప్యాకేజీ పెట్టి వెళ్ళినవాణ్ణి కెమెరాలో వెనక్కి తిప్పి మళ్ళీ చూస్తాడు.

"విన్నావా అది ఏమందో?" అన్నాడు భార్యతో.

"విన్నాను. దాని తెలుగు మీకు తెలీదా?" అంది దమయంతి గిన్నెలు సర్దుతూ. "మొన్న మా అమ్మతో ఫోన్‌లో 'అమ్మమ్మా, నేను బాగా ముసలిదాన్నయ్యాను' అంది. పెద్దదాన్నయ్యాను అనడానికి."

"అది వేరు. మోచెయ్యి చూశావా?"

"బాస్కెట్‌బాల్ ఆడే పిల్లకి మోచెయ్యి ఎలా ఉండాలి మరి?"

ఆ మాట అతని చెవికెక్కలేదు. కూతురి గురించి అతనికి ఆ రోజుల్లో భయం ఎక్కువగా ఉంది. రెండేళ్ళు బెంచీ మీద కూర్చుని, తువ్వాళ్ళు అందించి, చప్పట్లు కొట్టిన పిల్ల. జనవరిలో జేడా అనే సీనియర్ చీలమండ బెణికితే, బంతిని ముందుకు తీసుకెళ్ళే పాయింట్ గార్డ్ పని చివరికి నైనిక చేతికి వచ్చింది. అదీ ఎలాంటి సమయంలో. లీగ్‌లో పైనున్న జట్లన్నీ సీజన్ చివరే తగిలాయి, అందులోనూ చాలావరకు వాళ్ళ ఊళ్ళల్లోనే. కోచ్ మొహమాటం లేని మనిషి. "జేడా వచ్చేలోపు నువ్వు ఎడమ వైపు వెళ్ళడం నేర్చుకుంటే చోటు నీది. లేకపోతే బెంచీ నీకు కొత్తేం కాదు" అని చెప్పేసింది. నైనికకి కుడిచెయ్యి తప్ప రెండోది లేదని లీగ్ అంతటికీ తెలిసిపోయింది.

సాయంత్రం పార్సిప్పనీ నుంచి రాధాకృష్ణ ఫోన్. ధర్మారావు అమెరికా వచ్చిన కొత్తలో ఒకే గదిలో ఉన్నవాడు, వరస ఏమీ లేకపోయినా బావా అని పిలుచుకుంటారు. ఈమధ్య నైనిక ఆటంటే ప్రాణం పెడుతున్నాడు. ప్రతి ఆటకి ముందు ఫోన్ చేస్తాడు.

"బుధవారం ఎవరితో బావా? ఆ జేడా కాలు తగ్గిందా?"

"ఇంకో వారం అంటున్నారు. బుధవారం మనదే."

"గుడ్, గుడ్. మన పిల్లకి లెఫ్ట్ వచ్చిందా మరి?"

"ఎక్కడ." ధర్మారావు ఆ తర్వాత పవన్ సంగతి చెప్పాడు. అవతల రాధాకృష్ణ గొంతు తగ్గించాడు.

"బావా, నువ్వు అమాయకుడివి. ఈ రోజుల్లో కాలేజీ ఆటల మీద కూడా ఫోన్‌లోనే బెట్టింగు. స్టూడెంట్ కుర్రాళ్ళు లోపలి సంగతులు అమ్ముకుంటున్నారట. వాడి మీద ఓ కన్నేసి ఉంచు."

తనని అమాయకుడు అన్నందుకు ధర్మారావుకి ఆ రాత్రంతా మంటగా ఉంది.

బుధవారం ఆట సొంత జిమ్‌లోనే. అయినా ఓడిపోయారు. అవతలి పిల్ల నైనిక కుడి భుజానికి గోడలా అంటుకుపోయింది. నైనిక ఎడమకి తిరిగిన ప్రతిసారీ బంతి కాలికి తగలడమో, ఎవరో లాక్కుపోవడమో. రెండో సగంలో కోచ్ ఆమెను కూర్చోబెట్టినప్పుడు తల మీద తువ్వాలు కప్పుకుంది. ధర్మారావు దమయంతి వైపు చూడలేకపోయాడు.

ఆట అయ్యాక కూతురు బయటికి వచ్చేదాకా కారిడార్‌లో పచార్లు చేస్తుంటే, డ్రింకుల మెషీన్ పక్కన తెలుగు వినపడింది. పొడుగ్గా, సన్నగా ఉన్న కుర్రాడు, కాలేజీ హుడీ వేసుకుని, గోడవైపు తిరిగి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"ఏం లేదురా, రేపట్నుంచి సండే దాకా నేను వాళ్ళ మనిషినే... అవ్, పన్నెండు నంబర్... ఈ పిల్లకి లెఫ్ట్ అస్సల్ రాదు. రైట్ మూసేస్తే చాలు, ఆగమైతది... మస్తు ఈజీరా."

ధర్మారావు పచార్లు ఆపేశాడు. ఆదివారం ఆట లీగ్‌లో అందరికంటే పైనున్న జట్టుతో, వాళ్ళ ఊళ్ళో. వాళ్ళ పాయింట్ గార్డ్ నంబరు పన్నెండు. వాళ్ళ మనిషినని వీడే తన నోటితో చెబుతున్నాడు.

పార్కింగ్‌లో కార్ల మధ్య కుర్రాణ్ణి పట్టుకున్నాడు.

"బాబూ, పవన్ అంటే నువ్వేనా?"

"అవునంకుల్. నమస్తే అంకుల్. మీరు నైనిక వాళ్ళ డాడీ కదా, ఫొటోలో చూశిన."

ఫొటో కూడా చూశాడన్నమాట. "మా అమ్మాయితో వేషాలు వేసేది నువ్వేనా?"

కుర్రాడి ముఖం వెలిగింది. "నేనే అంకుల్. చెప్పిందా?"

"చెప్పింది." ఇంత సిగ్గులేని మనిషిని ధర్మారావు చూడలేదు. "ఎన్నాళ్ళనుంచి సాగుతోంది ఇది?"

"క్రిస్మస్ సెలవుల నుంచి అంకుల్. మా ఊరు కొత్తగూడెం. అక్కడ డిస్ట్రిక్ట్ ఆడిన. ఇక్కడ ఎమ్మెస్‌లో ఊకె కూసుంటే ఏమొస్తది అని..."

"అని ఆడపిల్లలతో వేషాలు మొదలుపెట్టావు."

"అంతే అంకుల్." నవ్వాడు. "ఫస్ట్‌లో సిగ్గయింది. ఇప్పుడు అలవాటయింది."

ధర్మారావు ఒకడుగు ముందుకు వేశాడు. "చూడు. రేపటి నుంచి నువ్వు ఆ ప్రాక్టీస్ ఛాయలకి వెళ్ళకూడదు. మళ్ళీ వేషాలు వేశావని తెలిస్తే ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెబుతా. వీసా మీద ఉన్నావు. గుర్తుపెట్టుకో."

వెలుగంతా ఒక్కసారిగా పోయింది ఆ ముఖంలోంచి. ఒకడుగు వెనక్కి వేశాడు. తర్వాత, "మీకు ఇష్టం లేకపోతే వెయ్యనంకుల్," అని హుడీ తల మీదికి లాక్కుని వెళ్ళిపోయాడు.

ఇంటికి వస్తున్నంతసేపూ ధర్మారావుకి అదే అనుమానం. ఒక్క మాట ఎదురు చెప్పకుండా ఎందుకు ఒప్పుకున్నాడు? తప్పు లేనివాడైతే గట్టిగా అడగడూ?

శుక్రవారం చెప్పాపెట్టకుండా నైనిక ఇంటికి వచ్చింది. బూట్లు విప్పకుండానే సోఫాలో కూలబడింది.

"పవన్ రావట్లేదు. ఫీవర్ అని కోచ్‌కి మెసేజ్ పెట్టాడు. నేను కాల్ చేస్తే తీయట్లేదు. మిగతా బాయ్స్ నన్ను సాఫ్ట్‌గా గార్డ్ చేస్తారు, ఐ యామ్ గోయింగ్ టు లూజ్ మై స్పాట్ నాన్నా." కుషను ఒళ్ళోకి లాక్కుంది. "సండే పన్నెండు నన్ను తినేస్తుంది. పవన్ ఒక్కడే పన్నెండు లాగా చేయగలడు."

"పన్నెండు లాగా చేయడం అంటే?"

"అదే కదా వాడి పని. గర్ల్స్ టీమ్‌కి బాయ్స్ వచ్చి ప్రాక్టీస్ ఇస్తారు. నెక్స్ట్ గేమ్‌లో ఎవరుంటే వాళ్ళ లాగా ఆడతారు. వీడియో చూసి, వాళ్ళ నంబర్ వేసుకుని. లాస్ట్ వీక్ ముప్పై నాలుగు, ఈ వీక్ పన్నెండు. చెప్పా కదా నీకు, వేషాలు వేస్తాడని."

ధర్మారావు కుర్చీ వెతుక్కున్నాడు. దమయంతి వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"ఆ మాట ఎవరు నేర్పారు నీకు?" అంది.

"పవనే. వాళ్ళ తాతయ్య ఊళ్ళో నాటకాల్లో సత్యభామ వేషం వేసేవాడట. మగాడే, జడ పెట్టుకుని. నేనూ అంతే, లేడీ వేషం, అని జోక్ చేశాడు. వాడు చాలా వేస్తాడు కదా, అందుకని వేషాలు. ప్లూరల్."

దమయంతి భర్త వైపు చూసింది. "వేషం అంటే నాటకం తల్లీ. వేషాలు అంటే మీ నాన్నకి పోలీసు కేసు." ఆ తర్వాత గొంతు మారింది. "ఏమండీ, ఆ అబ్బాయితో ఏమన్నారు మీరు?"

అతను చెప్పాడు. వీసా మాట దగ్గర గొంతు తగ్గించాడు కానీ చెప్పాడు. నైనిక లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అరిచి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

శనివారం పొద్దున్నే కాలేజీ పక్క అపార్ట్‌మెంట్లో తలుపు కొట్టాడు. లోపల నలుగురు కుర్రాళ్ళు, ఒక సోఫా, కుక్కర్ విజిల్. పవన్ గుమ్మంలోకి వచ్చి తలుపు వెనక్కి దగ్గరగా లాగి నిలబడ్డాడు.

"నేను వెళ్ళట్లేదు అంకుల్. కావాలంటే కోచ్‌ని అడగండి."

"అది కాదు బాబూ. తప్పు నాది. మా అమ్మాయి తెలుగు... కాదు, దాని తెలుగు బానే ఉంది. నా బుర్రే వంకర."

"ఫోన్‌లో మా తమ్ముడితో మాట్లాడింది కూడా విన్నరా?"

"విన్నాను."

"వాడు కూడా ఆడతడు. పన్నెండో నంబర్ ఎట్ల గార్డ్ చేస్తదో చెప్తున్న." నేల చూస్తూ ఆగాడు. "కొట్టినా ఏమనుకునేటోణ్ణి కాదు అంకుల్. మీరు వీసా మాట అన్నరు. మొన్న రాత్రి మా అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలే నేను, నా గొంతు వింటే కనిపెడతదని."

ధర్మారావు చేతులు జోడించబోయి దించేశాడు. "ఆ మాట అనకూడనిది. అన్నాను," అన్నాడు. "నా మీద కోపం ఉంచుకో. నైనికకి మాత్రం ఆటకి ముందు ఇవాళ ఒక్కరోజే ఉంది."

లోపల మళ్ళీ విజిల్ వేసింది. ఎవరో "అరే పవన్, పప్పు దించుతవా లేదా" అని అరిచారు. కుర్రాడు 'నువ్వే దించురా' అని లోపలికి అరిచి ఇటు తిరిగాడు.

"మీరు కూడా రండి అంకుల్. చూడండి. రేపు మళ్ళీ ఏ అనుమానం రావద్దు."

జిమ్‌లో పైవరసలో కూర్చుని చూశాడు. పవన్ ఎర్ర బనీను తొడుక్కున్నాడు, వీపు మీద పన్నెండు. నడక కూడా మారిపోయింది, భుజాలు కొంచెం వంచి, చేతులు కిందికి వదిలి, అచ్చం రాత్రి తాను వెతికి చూసిన వీడియోలో ఆ పన్నెండో నంబరు పిల్లలాగే. నైనిక కుడికి కదిలితే అక్కడ ఉన్నాడు. మళ్ళీ కుడికి. ఛాతీ అడ్డం పెట్టి ఎడమకి తోశాడు. నైనిక కింద పడింది. ధర్మారావు సగం లేచి, కూర్చున్నాడు. కుర్రాడు చెయ్యి అందించలేదు, పన్నెండు అందించదు కాబట్టి. కోచ్ 'మళ్ళీ' అంది. మళ్ళీ పడింది. ఎన్నోసారో గానీ, నైనిక భుజం కిందికి దించి ఎడమచేత్తో బంతిని నేలకి దగ్గరగా కొట్టుకుంటూ అతన్ని దాటిపోయింది. పవన్ తన వేషం మరిచిపోయి చప్పట్లు కొట్టాడు. కోచ్ ఈల వేసి తిట్టింది.

ఆదివారం ఓడిపోయారు. కానీ కొద్దిలో. నాలుగో క్వార్టర్ దాకా ఎవరు గెలుస్తారో తెలియలేదు, అంత పెద్ద జిమ్‌లో జనం కుర్చీల అంచుకి వచ్చారు. పన్నెండో నంబరు పిల్ల కుడివైపు మూసేసింది, నైనిక ఎడమకి వెళ్ళింది. మళ్ళీ వెళ్ళింది. చివర్లో ఆ పిల్ల ఎటు మూయాలో తెలియక వెనక్కి తగ్గి నిలబడింది.

బస్సెక్కే ముందు నైనిక తండ్రి దగ్గరికి వచ్చింది. శుక్రవారం తర్వాత అతనితో మాట్లాడటం అదే మొదలు.

"అసలు పన్నెండు కన్నా పవన్ పన్నెండే కష్టం నాన్నా." తర్వాత చుట్టూ చూసి, నెమ్మదిగా, "కోచ్ చెప్పింది. థర్స్‌డే జేడా వచ్చినా స్టార్ట్ చేసేది నేనే. ఎవరికీ చెప్పకూడదు, ఓకే? ఎవరో మా ఇంజురీ న్యూస్ బయట చెప్తున్నారట, కోచ్ సీరియస్‌గా ఉంది. తెలిస్తే ఆ ప్లేయర్‌ని కూర్చోబెట్టేస్తుంది."

దారంతా దమయంతి కారు నడిపింది. ధర్మారావు పక్కన కూర్చుని కిటికీలోంచి చూశాడు.

సోమవారం సాయంత్రం ఫోన్ మోగింది. పార్సిప్పనీ.

"బావా, అదరగొట్టింది మన పిల్ల, కొద్దిలో పోయింది," అన్నాడు రాధాకృష్ణ. ఆ ఆట టీవీలో రాలేదు. ధర్మారావూ చెప్పలేదు. "అన్నట్టు ఆ స్టూడెంట్ కుర్రాడి సంగతి ఏమైంది? పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

"నే చెప్పలా. సరే గానీ, గురువారం జేడా ఆడుతుందా? ముందు దిగేది ఎవరు, ఆ పిల్లా మన పిల్లా?"

ధర్మారావుకి జనవరి నుంచి ఈ ప్రశ్నకి తాను ఎన్నిసార్లు, ఎంత గర్వంగా జవాబు చెప్పాడో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. కాలు ఎలా ఉంది, ఎవరికి జ్వరం, ఎవరు కుంటుతున్నారు. బెట్టింగు సంగతి ముందు ఎత్తింది ఎవరో కూడా గుర్తొచ్చింది.

"నీకెందుకు బావా?"

"ఊరికే. మన పిల్ల కదా అని. ఒక్క మాట చెప్పు, ఇంకెవరితో అంటాను."

"ఆట ఎందులో చూశావు నిన్న?"

అవతల చిన్న నవ్వు.

"అదేంటి బావా, నన్నే అనుమానిస్తున్నావా?"

"వేషాలెయ్యకు రాధాకృష్ణా," అని ధర్మారావు ఫోన్ పెట్టేశాడు.