తొట్టిలో పోసిన పాలు

శాంసన్ ఆ కాఫీ మిషన్‌ను దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అతను హౌస్‌కీపింగ్ చేసే కోచింగ్ సెంటర్ వాళ్లు కొత్తది కొనుక్కుని పాతది ఇచ్చేశారు.

"మంట లేదు, లైటర్ లేదు. స్విచ్ వేస్తే చాలు. ఇగ నువ్వే చాయ్ పెట్టొచ్చు," అన్నాడు భార్యతో.

హెప్సిబా పొయ్యి వెలిగించి ఎనిమిది నెలలైంది. గ్యాస్ పైపు లీకై వంటగది భగ్గుమన్న రోజు నుంచి, లైటర్ టిక్కుమంటే చాలు వంటగదిలోంచి బయటికి పోతుంది. మోచేతుల దాకా మచ్చలు. నాలుగేళ్ల కూతురు సాధనకు కూడా పాదం మీద కాలింది. దవాఖాన నుంచే పిల్లను అత్త కిష్టమ్మ తుర్కయంజాల్ తీసుకుపోయింది. "నువ్వు పొయ్యి దగ్గరికి పోయిన్నాడు తోలుకొస్త," అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే ఎప్పుడో మరిచిపోయేది హెప్సిబా.

ఈ ఆదివారం చర్చి అయ్యాక కిష్టమ్మ పిల్లతో ఎల్బీనగర్ వచ్చింది. ఇల్లు ఎట్లా నడుస్తోందో చూసి, నచ్చితే పిల్లను వదిలి పోతుంది. జూన్‌లో బడి.

సాధన నానమ్మ కొంగు వదల్లేదు.

"వాడేడి?" కొడుకు కోసం చూస్తూ అడిగింది కిష్టమ్మ.

"సెంటర్ల ఆదివారం గూడ క్లాసులున్నయట, డ్యూటీకి పోయిండు అత్తమ్మా."

"ఏం తింటుండ్రు మీరు?"

"అన్నం కరెంటు కుక్కర్ల. కూర కర్రీ పాయింట్ల."

"పిల్లకు గూడ కర్రీ పాయింటేనా?"

హెప్సిబా వంటగదిలోకి పోయింది. వారం రోజులుగా మిషన్ మీద చెయ్యి అలవాటు చేసుకుంది. పైన జాలీలో చాయ్‌పత్తి, దంచిన అల్లం, వెనక తొట్టిలో నీళ్లు. డికాక్షన్ బాగానే దిగేది. ప్యాకెట్ పాలు కలిపితే మాత్రం చల్లారిపోయేది. పాలల్లో చాయ్‌పత్తి మరగనిది కిష్టమ్మ నోట పెట్టదు. హెప్సిబా ఒక్క క్షణం ఆలోచించి, నీళ్లకు బదులు పాలే తొట్టిలో పోసింది.

మిషన్ గురగురమంది. గాజు జగ్గులోకి చుక్కలు పడసాగాయి.

కిష్టమ్మ గుమ్మంలోకి వచ్చి చూసింది. "చాయ్ పెడుతున్నవా, గ్లూకోజ్ ఎక్కిస్తున్నవా పిల్లా?"

హెప్సిబాకు నవ్వొచ్చింది. ఏమీ అర్థం కాకపోయినా సాధన కూడా కిలకిలా నవ్వింది. ఈ ఎనిమిది నెలల్లో ఆ నవ్వు ఈ ఇంట్లో వినిపించడం ఇదే మొదలు.

అంతలో చుక్కలు ఆగాయి. మాడిన పాల వాసన, వెనక నుంచి సన్నటి పొగ. హెప్సిబా గోడకు అతుక్కుపోయింది. కిష్టమ్మే ప్లగ్ పీకింది.

"గీ తొట్టిల పాలు పోసినవా?"

"వేడిగ వస్తదని…"

కిష్టమ్మ మిగిలిన పాలు గిన్నెలో పోసి, కొత్త పైపు వేయించి మూలన ఉంచిన స్టవ్ మీద పెట్టింది. లైటర్ తెచ్చి కోడలి చేతికిచ్చింది. "రా బిడ్డా. పక్కనే ఉంట. ముట్టియ్యి."

హెప్సిబా నాబ్ తిప్పింది. గ్యాస్ సుయ్యిమంది. నొక్కితే సాధన ఇక్కడే ఉంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, బొటనవేలికి తెలియలేదు. వాసన ముక్కుకెక్కుతోంది.

"నొక్కు… నొక్కవే!"

కిష్టమ్మ నాబ్ వెనక్కి తిప్పి, పరుగున పోయి కిటికీ రెక్కలు తోసింది. గుమ్మంలో సాధన ఏడుపు అందుకుంది. "నానమ్మా, పోదాం దా!"

పిల్లను ఎత్తుకుని కిష్టమ్మ చాలాసేపు వీపు నిమిరింది.

"నిన్ను తప్పు పడతలేను," అంది చివరికి. "కానీ దీన్ని సంకనేసుకొని మళ్ల దవాఖానకు ఉరకలేను. బడిల ఆడనే ఏస్త."

హెప్సిబా తలూపింది.

"దాని బట్టలు ఏమన్న ఉంటే సర్దు. చలికాలంవి గూడ."

బీరువా అడుగున నిరుడు కొన్న స్వెటర్ దొరికింది. పిల్ల చేతికి ఆనించి చూసింది. చాలదు. అయినా మడత పెట్టి సంచిలో పెట్టింది.