స్నానాల రాయి

ఇంట్లో అద్దంలో వినుత ముఖం కనబడడం మానేసి వారమైంది. దువ్వెన కనబడుతుంది, వెనక గోడ కనబడుతుంది, మధ్యలో ఉండాల్సిన పదహారేళ్ల పిల్ల మాత్రం లేదు. చెబితే పిచ్చి అంటారని నోరు మెదపలేదు.

పోయిన ముఖం ఎక్కడుందో ఆమెకు తెలుసు. సెలవుల్లో అమ్మ రంగక్కతో కలిసి రాయచెర్లు సోలార్ పార్కులో ప్యానెళ్లు కడగడానికి పోతోంది. ఒకప్పుడు తమ వేరుశనగ చేను ఉన్నచోట, ఒకే ఒక్క ప్యానెల్ తడి గాజులో ఆ ముఖం ఉంటుంది. కాకపోతే వినుత నవ్వితే అది ఒక క్షణం ఆగి నవ్వుతుంది. వినుతకు లేని ముక్కుపుడక దానికి ఉంది. భయపడాల్సింది పోయి, ఆ పిచ్చిపిల్ల దాన్ని ఎప్పుడెప్పుడు చూస్తానా అని కాచుకునేది. తనను అంత ఆశగా ఎవరూ చూసి ఎరుగరు మరి.

ఆ రోజు రంగక్క కూడా చూసింది. 

"సవితా!" అంది.

"ఎవరుమ్మా సవిత?"

రంగక్క తడి గాజు మీద అరచెయ్యి ఆనించింది. "నా చెల్లెలు. నిన్ను కన్న తల్లి. నువ్వు పుట్టిన మూడోనాడే పోయింది. ఈ చేన్లోనే పెట్టినాము. తలకాడ రాయి నాటి, ఏటేటా నీళ్లు పోసి కొత్త గుడ్డ కప్పుతాంటిమి. నీ చిన్నప్పుడు సోలార్ సర్వే వాళ్లు వస్తాండారంటే, సమాధి ఉండాదని మన నేల కౌలుకు తీసుకోకుండా వదిలేస్తారేమోనని నేనే ఆ రాయి పెరికేసినా."

"ఆ రాయి యాడుండాది?"

"పారేసేకి చేతులు రాలే. నీళ్లు పోసుకునే తావ ఏసినా. దాని మీదే నిన్ను కూచోబెట్టి తలకు పోస్తాంటినే."

వినుతకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్లూ కన్నతల్లి రాయి మీదే కూర్చుని స్నానం చేసింది, ఒక్కరూ చెప్పలేదు.

"తలకాడ రాయి గుర్తు లేక, పోయే దోవ తెలీక, మీయమ్మ నీ మొగం పట్టుకోనుండాది తల్లీ. రాయి తెచ్చి నాటేద్దాం. లేకుంటే నువ్వు కూడా పోతావు."

"నాటితే ఆమె పోతుంది కదమ్మా! ఇప్పుడే కదా దొరికింది!"

రంగక్క ఆమె గడ్డం పట్టుకుంది. "మీరిద్దరూ పోతే నేనేం కావాలమ్మా?"

మర్నాడు గోనెపట్టాలో చుట్టి, నీళ్ల ట్రాక్టర్‌లో రాయి తెచ్చారు. ఒక కొస పట్టుకున్నది వినుతే. ప్యానెల్ కింద నాటి, నీళ్లు పోశారు. రంగక్క దాచుకున్న రవిక గుడ్డ కప్పింది.

వినుత గాజు ముందుకు పరుగెత్తింది. ముఖం ఉంది. ముక్కుపుడక లేదు. నవ్వి చూసింది. ఆగి, మళ్లీ నవ్వింది. ఒక్కసారైనా వెనకబడకపోతుందా అని పొద్దు వాలేదాకా నవ్వుతూనే ఉంది. గాజులోని పిల్ల ఆమెతోపాటే నవ్వింది, ఆమెతోపాటే ఏడ్చింది.