ముప్పై ఒకటో ఇన్నింగ్స్

ముప్పై ఒకటో ఇన్నింగ్స్‌లో కూడా ఎవడూ బంతిని కొట్టలేదు.

పొద్దుటి నుంచి తెర మీద స్కోరు మారలేదు. ఇటు సున్నా, అటు సున్నా. మా బేస్‌బాల్ ఆటలో డ్రా అన్న మాట లేదు. తొమ్మిది ఇన్నింగ్స్‌లకి తేలకపోతే తేలేదాకా ఆడాల్సిందే. పిచ్చర్లు విసురుతున్నారు, బ్యాటర్లు గాలిని కొట్టి తల వంచుకుని వెనక్కి పోతున్నారు.

"వీళ్ల చేతుల్లో ఉన్నవి బ్యాట్లా, విసనకర్రలా?" అన్నాడు బావ నా వెనక నిలబడి.

"నవ్వించకు బావా. ఈ సెమీఫైనల్ తేలితేనే ఐదింటికి ఫైనల్."

ఆ ఫైనల్‌ని ఇంటర్నెట్‌లో వేలమంది చూస్తారు. మా ఆట ఆడేవాళ్లు బ్యాటు పట్టరు. వాళ్లు మేనేజర్లు. ఆటగాళ్లను కొంటారు, ఎవరిని దించాలో ఎవరిని కూర్చోబెట్టాలో చెబుతారు. ఆ తర్వాత మ్యాచ్ నడిపేది కంప్యూటరు, ఒక్కో ఆటగాడికి ఇచ్చిన రేటింగులను బట్టి. ఆ రేటింగులన్నీ నావి. రెండేళ్లు కూర్చుని ఒక్కొక్కడి బలం, వేగం, ఓపిక తూచి తూచి ఇచ్చాను. నిన్ననే కొత్తవి ఎక్కించాం. ఈ రోజు కొంప మునిగింది.

లోపలి గది తలుపు తెరుచుకుని అక్క వచ్చింది. కంపెనీ అక్కది. ప్రోగ్రాం రాసేది ఆమె మొగుడు, మా బావ. మొహాలు గీసేది మూలన కూర్చునే బొమ్మలాయన. కళ్లజోళ్ల దుకాణం పైన రెండు గదులు, నలుగురం మనుషులం, అంతే మా సామ్రాజ్యం.

"ఏమయిందే?"

"పిచ్చర్లు బలిసిపోయారక్కా."

"బలిసిపోయారా? మేపింది ఎవరు?"

నేను తల వంచి కీబోర్డు మీద పడ్డాను.

"ఫైనల్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఐదింటికల్లా ఈ మ్యాచ్ తెగాలి. తెగకపోతే రేపట్నుంచి రేటింగులు బయటివాళ్లకి ఇచ్చేస్తా. నువ్వు ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చుందువుగాని."

తలుపు ధడాలున మూసుకుంది. ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి మా అక్క. అన్నదంటే అన్నట్టే. చెల్లెలికని సడలింపు ఉండదు.

పాత రేటింగులు పక్కన పెట్టుకుని పిచ్చర్లను ఒక్కొక్కడినీ పోల్చాను. ఒక్క అంకె కూడా మారలేదు. బలిసింది వాళ్లు కాదు. అయితే చిక్కింది ఎవరు?

బ్యాటర్లను తెరిచాను. మొదటివాడికి అరవై ఏడు ఉండాలి, యాభై ఉంది. రెండోవాడికి ఎనభై ఒకటి ఉండాలి, అరవై నాలుగు ఉంది. మూడోవాడిని చూశాను. నాలుగోవాడిని చూశాను.

"బావా, అందరికీ పదిహేడే తగ్గింది. ఒకడికి ఎక్కువ లేదు, ఒకడికి తక్కువ లేదు."

"తిలాపాపం తలా పిడికెడు," అన్నాడు బావ. అని, ఠక్కున కుర్చీ లాక్కుని నా పక్కన కూలబడ్డాడు. "సగటు!"

అది బావ పెట్టిన కట్టుబాటే. బ్యాటర్లందరి సగటూ ఎప్పుడూ యాభై దాటకూడదు. నేను ఒకడికి పెంచితే, ఆ మేరకు మిగతా అందరి దగ్గరా ప్రోగ్రామే తలా కొంచెం కోసేస్తుంది. జాలిపడి అందరికీ పెంచుకుంటూ పోతానని నాకు వేసిన కళ్లెం అది.

"అంటే ఎవడో ఒక్కడు అందరి కూడూ మింగేశాడు," అన్నాను.

"మింగినవాడిని పైకి తెప్పించు మరదలా. ఎక్కువ నుంచి తక్కువకి పేర్చు."

పేర్చాను. మొట్టమొదటి వరసలో ఉన్నాడు. కింది లీగు, ఊరూ పేరూ లేని జట్టు, మొదటి బేస్ దగ్గర నిలబడేవాడు. బ్యాటింగు: తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది.

"తొంభై తొమ్మిది దాటితే నీ ప్రోగ్రాం ఒప్పుకోకూడదు కదా బావా!"

"ఒప్పుకోకూడదు..." బావ తల గోక్కున్నాడు. "అంత వేసే మనిషి ఉంటాడని నేననుకోలేదు."

వాడు తాకిన ప్రతి బంతీ మైదానం దాటిపోయింది. వాడి జట్టు నిన్నటి మ్యాచ్ రెండు వందల పరుగుల తేడాతో గెలిచింది. కింది లీగు మ్యాచ్‌లు తెర మీద కనపడవు గనక ఎవరూ చూడలేదు. కొత్త ఆటగాళ్లను చేర్చే కంప్యూటరు కిటికీ పక్కన ఉంటుంది. అది నలుగురిదీ. ఎవరు చేర్చారో అందులో నమోదు కాదు.

వాడి మొహం తెరిచాను.

బట్టతల. గుండ్రటి కళ్లజోడు. చొక్కా కాలరు ఒక పక్కే లేచి ఉంది. నేనూ బొమ్మలాయనా ఒకేసారి తిరిగి బావ వైపు చూశాం. బావ గబుక్కున కాలరు సర్దుకున్నాడు.

"నాకేం సంబంధం లేదు సార్!" అన్నాడు బొమ్మలాయన. "ముక్కులూ చెవులూ విడివిడిగా గీసి పెడతాను. ఎవరు ఎలా అతికించుకుంటారో నాకేం తెలుసు?"

"మిమ్మల్ని ఇంకా ఎవరూ అడగలేదు కదండీ," అన్నాను. "గుమ్మడికాయల దొంగంటే మీరెందుకు భుజాలు తడుముకోవడం?"

ముందు పని ముఖ్యం. వాడి బ్యాటింగు తొంభై తొమ్మిదికి దించాను. బావ అంతకు మించి ఎవరూ వేయకుండా గడి బిగించాడు. పోయిన పదిహేడూ ఎవరివి వారికి తిరిగి వచ్చాయి. మ్యాచ్ మళ్లీ మొదలుపెట్టాం. రెండో ఇన్నింగ్స్‌లోనే బంతి ఠప్పున లేచి గోడ అవతల పడింది. బొమ్మలాయన ఈల వేశాడు. ఆరు, నాలుగు. తొమ్మిది ఇన్నింగ్స్‌లకే తెగిపోయింది.

గడియారం నాలుగున్నర చూపిస్తోంది. నేను బావ వైపు తిరిగాను.

"ఇప్పుడు చెప్పు బావా. నీ బొమ్మ నువ్వే పెట్టుకున్నావు కదూ?"

"నేనా? వాడి పరుగు ఎంతుందో చూడు."

చూశాను. మూడు.

"నేనైతే మూడు వేసుకుంటానా? రోజూ పరిగెత్తి బస్సు అందుకుంటాను!"

"నువ్వు అందుకోవట్లేదు బావా. జాలిపడి అదే ఆగుతోంది." బొమ్మలాయన కిసుక్కున నవ్వాడు. నేను చదువుతూ పోయాను. "విసురు, పదకొండు. ఓర్పు, తొంభై ఎనిమిది. మీ అమ్మ గానీ వచ్చి ఆడుకుందా?"

"అమ్మయితే పరుగు కూడా తొంభై తొమ్మిదే వేసేది. కొడుకు పక్కన మూడు రాయడానికి ఆవిడకి చెయ్యి రాదు."

నిజమే. ఈ అంకెలు వేసిన మనిషికి బావ పరిగెత్తలేడని తెలియాలి. ఓర్పు ఎంతో తెలియాలి. అయినా బ్యాటు పట్టుకుంటే దేవుడని నమ్మాలి.

"నువ్వంత బాగా కొడతావా బావా?"

బావ చెవులు ఎర్రబడ్డాయి. "జన్మలో ఒక్క బంతి కొట్టాను. పెళ్లికి ముందు, పార్కులో. గోడ దాటి ఎటు పోయిందో కూడా తెలీదు. కళ్లు మూసుకుని కొట్టాను మరి."

"చూసిందెవరు?"

బావ కళ్లు లోపలి గది తలుపు మీద వాలాయి. అది అప్పుడే తెరుచుకుంది.

"తెగిందా?" అంది అక్క.

"తెగింది. ఎవరో బ్యాటింగు గడిలో కొండంత అంకె వేశారు. తీసేశాం."

"ఎవరో అంటే? రేటింగులకి జవాబుదారీ నీది. పేరు చెప్పు. చెప్పలేకపోతే నువ్వేననుకుంటా, పోయి ఫోను దగ్గర కూర్చో."

అక్క వెనక నిలబడి బావ వద్దు వద్దని చేతులు ఊపుతున్నాడు. బొమ్మలాయన తన తెర వెనక్కి జారిపోయాడు.

నేను తెరను అక్క వైపు తిప్పాను.

అక్క చూసింది. బట్టతలను చూసింది, కాలరును చూసింది. ముడిపడిన కనుబొమలు అలాగే ఉన్నాయి గానీ, కింద పెదాలు మాట వినడం లేదు.

"చెప్పమంటావా, వద్దా?" అన్నాను.

"చెప్పు," అంది. గొంతు ఆమెది కాదు, పదహారేళ్ల పిల్లది.

"మొగుడికి రెండు తొమ్మిదులు చాలవని నాలుగు కొట్టింది... నువ్వే అక్కా!"