సన్యాసిరాజు నిద్ర

బస్సు ఇంజను ఆగితే గానీ సన్యాసిరాజు గురక ఆగలేదు. కూర్మన్నపాలెం జంక్షన్. స్టీలు ప్లాంటులో రాత్రి షిఫ్టు చేసినవాళ్ళు టిఫిన్ క్యారియర్లు పట్టుకుని దిగుతున్నారు. పక్క సీట్లోని ఎల్లాజీ అతని భుజం తట్టాడు. రోలింగ్ మిల్లులో పాతికేళ్ళుగా ఇద్దరిదీ ఒకే జట్టు, బస్సులో ఒకే సీటు.

"కళ్ళు సూడు, ఎలా పీక్కుపోనాయో. ఇంటికాడ కూడా ఇలాగే తొంగోవచ్చు గదా బావా! గౌరక్కకి నిజం సెప్పీ."

"ఇన్నేళ్ళయినాకా? దాని మనసేటవుతాది రా?"

సంగతేమిటంటే, సన్యాసిరాజుకి చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు. ఎర్రగా కాలిన ఇనుప కడ్డీలు రోలర్ల మీద దడదడా పరుగెడుతుంటే అతనికి జోలపాట విన్నట్టే ఉంటుంది. కానీ పెళ్ళయిన కొత్తలో ఒకసారి, రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, "కాసేపు నిద్రపోవాలి" అన్నాడు. ఆ ఒక్క మాటని భార్య గౌరీశ్వరి వేదవాక్కులా పట్టుకుంది.

అప్పటినుంచి ఆ ఇంట్లో పగలు కుక్కర్ కూత లేదు. అన్నం, పప్పు పక్కింటి సూర్యకాంతమ్మ స్టవ్ మీద ఉడికి వచ్చేవి. కూతురు రోజారమణి పట్టీలు లేకుండానే నడక నేర్చింది. తమ్ముడు ఉదయ్‌తో దాని పోట్లాటలన్నీ సైగలతోనే. ఉద్యోగాల్లో చేరినా సరే, గుమ్మం దాటి లోపలికి వస్తే ఇద్దరి గొంతులూ వాటంతటవే తగ్గిపోతాయి. ఇంత ప్రేమని కాదనలేక సన్యాసిరాజు పగలంతా కళ్ళు మూసుకుని నిద్ర నటించేవాడు. మంచితనం ముదిరితే మనిషి ఇలాగే తయారవుతాడు.

ఆ రోజూ స్నానం చేసి, నాలుగు ఇడ్లీలు తిని మంచమెక్కాడు. ఇల్లు గప్‌చిప్ అయిపోయింది. కాసేపు అటూ ఇటూ దొర్లి, మంచినీళ్ళ కోసం లేచి పెరటివైపు చూశాడు. గౌరీశ్వరి రోట్లో పచ్చడి నూరుతోంది. కుడి మణికట్టుకి గుడ్డ బిగించి కట్టుకుంది. పోటు వచ్చినప్పుడల్లా ఆగి, చెయ్యి విదిలించి, మళ్ళీ నూరుతోంది. వంటింట్లో మిక్సీ కవరు కప్పుకుని కూర్చునుంది.

అతను పెరటి గుమ్మంలోకి వచ్చాడు.

"గౌరీ, ఆపీ. మిక్సీ ఏసుకో."

"అయ్యో, లేపీసేనా?"

"నాను తొంగుంటే గదా నువ్వు లేపడానికి! నాకు సప్పుడుంటేనే నిద్దరడతాది. మొదట్నించీ అంతే."

ఆమె పచ్చడి బండ రోట్లోనే వదిలి లేచింది. "ఏటండీ, ఎటకారమా?"

"ఒట్టు. ఎల్లాజీనడుగు."

"మరిన్నేళ్ళూ నోట్లో ఏటెట్టుకున్నారు?"

"నా కోసం పిల్లల్ని కూడా గట్టిగా ఏడవనిచ్చేదానివి కాదు. ఎలా సెప్పేది?"

ఆమెకి కోపం వచ్చింది. ఆ వెనకే నవ్వూ వచ్చింది. "అయితే కాసుకోండి," అని కొంగు బిగించి వంటింట్లోకి నడిచింది. మిక్సీ గర్రుమంది. గిన్నెలు దబదబలాడాయి. ఆ ఇంట్లో మొట్టమొదటిసారి పట్టపగలు కుక్కర్ కూత పెడితే పక్కింట్లోంచి సూర్యకాంతమ్మ తొంగిచూసింది. గౌరీశ్వరి పోపు వేస్తూ ఎప్పుడో మరిచిపోయిన పాటొకటి అందుకుంది. మధ్యలో ఆగి చెవి పెట్టింది. లోపల హాయిగా గురక. ఆమెకి ఎంత ముద్దొచ్చిందో!

మధ్యాహ్నం అన్నం వడ్డించి, "లెగండి, సల్లారిపోతాది!" అని గట్టిగా కేకేసింది. రెండోసారీ కేకేసింది. తరువాత వెళ్ళి తాకింది.

నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. సాయంత్రానికి హాలు నిండా జనం. అలవాటు కొద్దీ అందరూ గుసగుసగానే మాట్లాడుకుంటున్నారు. గౌరీశ్వరికి మాత్రం ఒకటే బాధ.

"పిలిసేడేమో ఎల్లాజీ. ఆ మోతలో నాకు ఇనబడనేదు. నా మనసు కోసం సెప్పేడేమో గానీ, సప్పుట్లో ఎవులికైనా నిద్దరడతాదా?"

"నిజవే అక్కా. బస్సులో ఇంజనాగితే లెగిసిపోయేవోడు," అన్నాడు ఎల్లాజీ ఏడుస్తూ. ఆమె నమ్మలేదు. తనని ఓదార్చడానికే అంటున్నాడనుకుంది.

హాల్లో పరచడానికి దుప్పటి కావాలని ఎవరో అడిగితే గదిలోకి వెళ్ళింది. మధ్యాహ్నం కంగారులో ఆమె మంచం సరిగా చూడనేలేదు. ఎప్పుడూ కిటికీ వైపు ఉండే దిండుని అతను ఈ చివరికి తెచ్చి, వంటింటి గుమ్మానికి దగ్గరగా వేసుకున్నాడు. అతని తల ఆనిన చోట అది ఇంకా గుంటపడే ఉంది.