ఎక్కిన చోటే దిగే టికెట్

రేసు సూటుని వాషింగ్ మెషీన్‌లో వెయ్యకూడదు. అది తోలు. లోపలి వైపు తిప్పి, వెనిగర్ కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి పిండి, మెడా చంకలూ తుడిచి నీడన ఆరేయాలి. సూరత్ వానలకి నెల్లాళ్లు పట్టించుకోకపోతే బూజు పట్టేస్తుంది. సూటు మా ఆయన రాఘవది, బూజు మాత్రం నాది. "ఏంటి ప్రవల్లీ, కాస్త చూసుకోవద్దా?" అంటాడు, అదేదో నేను కుండీలో పెంచినట్టు.

మా ఇంట్లో పనిచేసే కొమురవ్వ చీపురు పక్కన పెట్టి మరీ చూసింది. వాళ్లది సిరిసిల్ల దగ్గర. భర్త ఇక్కడే పాండేసరలో బట్టలకి రంగులేసే మిల్లుకి వెళ్తాడు.

"ఏందమ్మా గిది, మనిషి తోలు ఒలిసి పెట్టినట్టున్నది?"

సార్ బైకు పందేలకి వేసుకునేదని చెప్పాను. మద్రాసు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో పాత రేసు ట్రాక్ ఉందనీ, ఏటా అక్కడికే వెళ్తామనీ చెప్పాను.

"గా తొవ్వ ఏడికి పోతది?"

"ఎక్కడికీ పోదు. తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తుంది."

"గంతేనా! గా తిరుగుడు మనం రోజు తిరుగుతలేమా? వంటింట్లకెల్లి వంటింట్లకు."

పకపకా నవ్వి మళ్లీ చీపురందుకుంది. నాకు మాత్రం చేతిలో గుడ్డ ఆగిపోయింది.

సోమవారం లోగా సెలవు కాగితం ఇవ్వాలి. నేను స్టేషన్లో బుకింగ్ క్లర్కుని. నా సెలవుల్లో పది రోజులు పదకొండేళ్లుగా ఆ ట్రాక్‌కే పోతున్నాయి. బైకు మద్రాసుకెళ్లే చీరల మూటలతో పాటు లారీలో ముందే వెళ్తుంది, వెనకాల మేం రైల్లో. "రేస్ మే ఆప్ క్యా కర్తీ హో మేడమ్?" అంటూ రేసులో నా పనేమిటో మా సూపర్‌వైజర్ ఏటా అడుగుతాడు. "బోర్డ్ పకడ్తీ హూఁ" అంటాను, బోర్డు పట్టుకుంటానని. కౌంటర్లన్నీ నవ్వుతాయి. రాఘవ రౌండు పూర్తి చేసి దూసుకుపోతుంటే ట్రాక్ పక్క గోడ మీంచి బోర్డు చూపించాలి. ఎన్నో స్థానం, ఇంకెన్ని రౌండ్లు. వెంటనే ఆపి లోపలికి రమ్మనాలంటే "ఇన్" అని రాసిన పలక తగిలించాలి. ఇవిగాక టైర్లకి వేడి దుప్పట్లు చుట్టడం, గ్లవ్స్ వెతకడం, ఉప్పూ చక్కెరా నీళ్లు కలపడం. "మగాడు పరిగెడుతుంటే గోడ పట్టుకుని నిలబడే మనిషి ఒకరుండాలమ్మా, కాపురమంటే అదే" అని మా అత్తగారు ఒకసారి సెలవిచ్చారు. ఆవిడ నిలబడ్డ గోడ ఏదో నేనడగలేదు.

నిన్న వాళ్ల క్లబ్బు గ్రూపులో ఓ వీడియో వచ్చింది. క్రిందటేడు ఎవరో ఫోన్ పట్టుకుని ఒక్కొక్కరినీ అడిగారు: కొత్త ట్రాకులుండగా, గెలిచినా పెద్దగా ఏమీ రాని మీరంతా ఈ పాతదానికే ఎందుకొస్తారు? కోయంబత్తూరు పళ్ల డాక్టరు, "మా నాన్న ఆ మూడో మలుపులో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు, నేను పడకుండా తిరగాలని" అన్నాడు. పుణె మెకానిక్కు, "పెద్ద పెద్దవాళ్ల టైర్ల రబ్బరు ఈ రోడ్డులో ఉంది, నాదీ అందులో కలవాలి" అన్నాడు. ఆ తర్వాత రాఘవ. "ఇక్కడ రౌండుకి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ నన్నెవరూ పిలవరు. బ్యాంకు ఉద్యోగం లేదు, ఇల్లు లేదు, తర్వాతి మలుపొక్కటే. రౌండ్‌లో ఉన్న మనిషిని దేవుడైనా పిలవకూడదు" అన్నాడు. ఎంత బాగా చెప్పాడో! పదిహేడేళ్లలో నాతో ఇంత మనసిప్పి ఒక్క మాట మాట్లాడలేదు. అతని వెనకాల నేనున్నాను, ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో బోర్డుతో. తల మాత్రం వీడియోలో పడలేదు. మళ్లీ మళ్లీ చూసి ఏడ్చాను. అతను చెప్పింది అర్థం కాక కాదు, మరీ బాగా అర్థమై. నన్ను పిలవని రెండు నిమిషాలు ఏ రోజులో ఉన్నాయి? స్నానాల గదిలో ఉన్నా తలుపు కొట్టి తువ్వాలెక్కడ అంటాడు. హాస్టల్ నుంచి కీర్తి, "అమ్మా, నా బ్లూ ఫైల్ ఎక్కడ పెట్టావ్?" అంటుంది. ఆ ఫోన్ నావైపు తిప్పి, మరి మీరెందుకొస్తారు అని ఒక్కరైనా అడిగుంటే ఏం చెప్పేదాన్నో.

అడగరు. ఆ ట్రాక్ మీద నాకున్న పేరల్లా "ఇన్ బోర్డు ఆంటీ". మూడేళ్ల క్రితం ఇంకా రెండు రౌండ్లుండగానే నేను "ఇన్" పలక చూపించాను. మూడో స్థానంలో ఉన్న రాఘవ, ఆయిలేమైనా కారుతోందేమోనని బైకు తిప్పేసి లోపలికొచ్చాడు. కప్పు పోయింది. సూరత్ తెలుగువాళ్ల ఉగాది భోజనాల్లో ఇప్పటికీ చెప్తాడు. "మా ఆవిడకి నన్ను భోజనానికి పిలిచే అలవాటు కదా, ట్రాక్ మీద కూడా పిలిచేసింది!" విస్తళ్ల ముందు అందరూ పడి పడి నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కానీ అది పొరపాటు కాదు. ఇంట్లో నాలుగుసార్లు పిలిస్తే గానీ తల తిప్పడు. ఒక్కసారికి, ఒకే ఒక్క పిలుపుకి వస్తాడేమో చూద్దామనిపించింది. వచ్చాడు. పదిహేడేళ్ల కాపురంలో నేను పిలవగానే వచ్చింది ఆ ఒక్కసారే. హెల్మెట్ తీసి, "బుద్ధుందా నీకు?" అన్నాడు. తిట్టినా సరే, ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

పోటీకి ముందు సాయంత్రం అందరూ ట్రాక్ అంతా కాలినడకన తిరిగి మలుపులు చూసుకోవడం ఆనవాయితీ. క్రిందటేడు నేనూ నడిచాను. ఫోన్ ఛార్జింగ్‌లో వదిలేసి, అందరికన్నా వెనకాల, ఒక్కదాన్నే. దాదాపు నాలుగు కిలోమీటర్లు. రోడ్డు మీద నల్లటి టైర్ల చారలు, పక్కన ఎండుగడ్డి, గాలి. ఎవరూ పిలవలేదు. నాలుగో మలుపు దగ్గర నా అడుగుల చప్పుడు నాకు వినిపించింది, అదేమిటోనని ఆగాను కూడా. చివరి మలుపు వచ్చేసరికి బెంగ పట్టుకుంది, అయిపోతోందే అని. తిరిగొచ్చేసరికి, "ఎక్కడికెళ్లావ్? గ్లవ్స్ ఎక్కడ పెట్టావ్?" అన్నాడు రాఘవ. రెండూ ఒకే గొంతుతో అడిగాడు.

మా కౌంటర్‌కి ఏడాదికి ఒకరిద్దరు యాత్రకెళ్లేవాళ్లు వచ్చి సర్క్యులర్ జర్నీ టికెట్ అడుగుతారు. ఎక్కే స్టేషనూ దిగే స్టేషనూ ఒకటే. మధ్యలో ఎనిమిది చోట్ల దిగి ఆగొచ్చు. ఒకసారి దాని గురించి చెప్తే రాఘవ, "ఎక్కడికీ వెళ్లని టికెట్టా? రైల్వేవాళ్లకే తడతాయి ఇలాంటివి" అని నవ్వాడు. నేనూ అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఈరోజు మధ్యాహ్నం కౌంటర్‌లో నా కోసం దారి రాసుకున్నాను. సూరత్, భుసావల్, నాగపూర్, విజయవాడ... చివర మళ్లీ సూరత్. పేరు దగ్గర ఒక్కటే పేరు. సూపర్‌వైజర్ కాగితం తిప్పి చూసి, "అకేలీ?" అన్నాడు. అవును, ఒక్కదాన్నే అన్నాను. ఈసారి కౌంటర్లు నవ్వలేదు.

ఇంటికొచ్చేసరికి రాఘవ వరండాలో సూటు వాసన చూస్తున్నాడు.

"బాగా ఆరింది. లీవు పెట్టావా?"

"పెట్టాను. పది రోజులు. ట్రాక్‌కి మాత్రం కాదండీ."

"మరెక్కడికి?"

"సూరత్ నుంచి సూరత్‌కి."

హాస్యమనుకుని నవ్వాడు. టికెట్ కాగితం చూశాక నవ్వు ఆగింది. ఎందుకని అడుగుతాడేమోనని చూశాను. ఇప్పుడడిగితే అంతా చెప్పేద్దును, ఆ పలక సంగతి కూడా.

"మరి బోర్డెవరు పట్టుకుంటారు?" అన్నాడు.

లోపలికెళ్లి సంచిలోంచి "ఇన్" పలక తెచ్చి అతని చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు.

"పోనీ, ఫోన్ చేస్తే ఎత్తుతావుగా?"

"రౌండ్‌లో ఉన్న మనిషిని పిలవకూడదండీ," అన్నాను.