‘కాదు’ని కాజేసిందెవరు?

ఎనిమిది రోజుల కిందట నా ఎదురుగా కూర్చుని ఒక మాట చెప్పిన ప్రొఫెసర్, సోమవారం పొద్దున్న పదింబావుకి క్యాంటీన్ రేడియోలో, అదే గొంతుతో, దానికి సరిగ్గా తలకిందులైన మాట చెప్పాడు.

“మధ్యయుగాల్లో చదువుకున్నవాళ్ళంతా భూమి బల్లపరుపుగా ఉందనే నమ్మేవాళ్ళు.”

టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ కార్యక్రమం నాది. పేరు ‘గతంతో గంటసేపు’. వారానికో చరిత్రకారుణ్ణి పిలిచి, ప్రపంచంలో ఏ మూల ఏం జరిగిందో ముచ్చట్లుగా చెప్పించడం నా పని. ఈ ప్రొఫెసర్ స్టూడియోకి వచ్చిందే ఆ బల్లపరుపు కథ తప్పని చెప్పడానికి. బల్ల గుద్ది మరీ చెప్పాడు. గుద్దిన గుద్దుకి నా నీళ్ళ గ్లాసు కాగితాల మీద ఒలికింది కూడా.

ఇప్పుడు అదే పెద్దమనిషి ఒక నిమిషం భూమి బల్లపరుపంటాడు. మరో నిమిషం గ్రీకులు గుండ్రటి భూమి చుట్టుకొలత లెక్కగట్టారంటాడు. వెంటనే, “అంచు దాటితే పాతాళంలో పడతామని నావికులు గడగడలాడేవాళ్ళు,” అంటాడు.

“మీ ప్రొఫెసర్ గారికి పొద్దున్నే ఏదో ఎక్కినట్టుంది,” అన్నాడు క్యాంటీన్ ఆయన కప్పులు తుడుస్తూ.

నేను నా గదికి వెళ్ళేసరికి ఫోన్ మోగుతోంది.

“ఏమ్మా,” అన్నాడు ప్రొఫెసర్. కోపం వస్తే ఆయన గొంతు పెరగదు, తగ్గుతుంది. ఫోన్ చెవికి అదుముకున్నాను. “నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఇవాళ మా అమ్మాయి ఫోన్ చేసి, నాన్నా, ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్దామా అంటోంది. మతి పోయింది నాకా, మీకా?”

“సార్, మీరన్నది నాకు బాగా గుర్తుంది. మీరు ఇలా అననే లేదు.”

“మరి రేడియోలో మాట్లాడింది నా దయ్యమా?”

గొంతు ఆయనదే. మధ్యలో ముక్కు ఎగబీల్చడం కూడా ఆయనదే.

పదకొండింటికి డైరెక్టర్ మేడమ్ పిలిచింది. నన్ను కూర్చోమనలేదు.

“ఎడిట్ అయ్యాక వినకుండానే సంతకం పెట్టారా?”

“బాబాయ్ ఎడిట్ చేశాడంటే మళ్ళీ వినాలనిపించదు మేడమ్.”

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “ఈ రోజుల్లో కంప్యూటర్లో ఎవరి గొంతు కావాలంటే వాళ్ళ గొంతు పుట్టిస్తున్నారు. మన ఫైల్లో ఎవరైనా వేలు పెట్టారో, ఇది మీ అశ్రద్ధో నాకు తెలీదు. నాలుగింటికల్లా తెలియాలి. ఐదింటి బులెటిన్‌లో శ్రోతలకి నిజం చెప్పాలి. చెప్పలేకపోతే వచ్చే వారం నుంచి ఆ గంటలో సినిమా పాటలు వేస్తాను. చరిత్రకారుణ్ణి పిచ్చివాణ్ణి చేసిన చోటికి ఇంకో చరిత్రకారుడు ఎందుకొస్తాడు, మీరే చెప్పండి.”

నాలుగేళ్ళు పట్టింది నాకు ఆ గంట సంపాదించడానికి. పోగొట్టుకోవడానికి ఐదు గంటల గడువిచ్చింది.

తిన్నగా బాబాయ్ గదికి వెళ్ళాను. స్టేషన్‌లో అందరూ ఆయన్ని బాబాయ్ అనే అంటారు. నాకు మాత్రం నిజంగానే బాబాయ్, మా నాన్న తమ్ముడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా రికార్డు చేసిన మాటల్ని కోసి అతికించడమే ఆయన ఉద్యోగం. దగ్గు తీసేస్తాడు, తడబాటు తీసేస్తాడు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ తగ్గిస్తాడు. ఆయన పెట్టిన అతుకు దేవుడికి కూడా దొరకదని పేరు.

హెడ్‌ఫోన్స్‌లోంచి వచ్చే మోత గుమ్మం దాకా వినిపిస్తోంది. మూడుసార్లు పిలిచి, భుజం తట్టాను. ఉలిక్కిపడ్డాడు.

“చంపేశావు కదే అమ్మడూ! పిలవొచ్చుగా?”

“పిలిచాను మహానుభావా. మూడుసార్లు.”

“పనిలో ఉంటే నాకు భూకంపం వచ్చినా తెలీదు.”

జరిగింది చెప్పాను. రెప్ప వాల్చకుండా నా మొహంలోకే చూస్తూ విన్నాడు.

“అసలు రికార్డింగ్ ఉందా?”

“వారం దాటిందిగా, తుడిచేశాను. రూలే అది.”

“కోసేటప్పుడు తేడాగా ఏమీ అనిపించలేదా?”

“నా దగ్గర్నుంచి వెళ్ళినప్పుడు అద్దంలా ఉంది. తర్వాత ఎవరో కెలికారు. నేనన్నానని మేడమ్‌తో చెప్పు,” అని స్క్రీన్ వైపు తిరిగాడు. అక్కడ మాటలన్నీ ఆకుపచ్చ గీతలై, కొండలూ లోయలూగా కదులుతున్నాయి.

ఎవరో కెలికారు. సరే, ఎవరు? ప్రొఫెసర్‌కి పడనివాళ్ళెవరైనా ఉన్నారేమోనని, మూడు వారాల కిందట మా కార్యక్రమానికి వచ్చిన ఈజిప్టు చరిత్రావిడకి ఫోన్ చేశాను. నేనింకా విషయంలోకి రాకముందే ఆవిడే అందుకుంది.

“మీరు ఫోన్ చేస్తారనే అనుకున్నాను. నన్ను కూడా నవ్వులపాలు చేశారుగా!”

“మిమ్మల్నా? ఎలా?”

“‘పిరమిడ్లు కట్టింది బానిసలు’ అని వచ్చింది. ఆ తర్వాత ఆ పనివాళ్ళకి ఇచ్చిన రొట్టెల గురించీ, వాళ్ళ గౌరవమైన సమాధుల గురించీ పావుగంట చెప్పాను. మా స్టూడెంట్లు, మేడమ్, బానిసలకి బాగానే జరిగేదే అని ఆటపట్టిస్తున్నారు.”

“మరి మీరన్నదేమిటి?”

“పిరమిడ్లు కట్టింది బానిసలు కాదు. ఒక్క మాట. ‘కాదు’. దాన్నేం చేసుకున్నారు మీరు?”

ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నాను. ప్రొఫెసర్ మీద పగ అనుకుంటే, ఈవిడెందుకు మధ్యలో? గొంతు పుట్టించారనుకుంటే, ఒక్క మాట మాయం చేయడానికి అంత తంటా ఎందుకు? ‘కాదు’లు దొంగిలించి ఎవరేం చేసుకుంటారు? అసలు ఆ మాటలు నేను నిజంగా విన్నానా, విన్నాననుకున్నానా? ఒక దశలో నా మీద నాకే అనుమానమొచ్చింది.

ఒంటిగంటకి పిన్ని ఫోన్. బాబాయ్ ఎత్తకపోతే నాకు చేస్తుంది, ఈమధ్య రోజూ చేస్తోంది.

“మీ బాబాయ్‌కి నా మీద అలకేమైనా ఉందా? నీతో ఏమైనా అన్నాడా?”

“పిన్నీ, నేనిప్పుడు నిప్పుల మీద ఉన్నాను.”

“ఒక్క నిమిషమే. రెండు నెలలుగా నేనేమడిగినా తలూపి ఊరుకుంటున్నాడు. నిన్న, పొయ్యి ఆపేయనా, ఇంకాసేపు ఉంచనా అన్నాను. తలూపాడు. దేనికి ఊపినట్టు? ముప్పై ఏళ్ళు కాపురం చేశాక నాతో మాట్లాడటానికి నోరు రావట్లేదా ఆయనకి?”

“సాయంత్రం మాట్లాడతాను పిన్నీ,” అని పెట్టేశాను.

అప్పుడు గుర్తొచ్చింది. ప్రొఫెసర్‌తో శుక్రవారం ఇంకో భాగం రికార్డు చేశాం. వచ్చే సోమవారానిది. వారం దాటలేదు, అసలు రికార్డింగ్ ఉండి తీరాలి. పక్క గదిలో కంప్యూటర్ తెరిచాను. రెండూ ఉన్నాయి. కోయనిదీ, కోసిందీ.

ముందు కోసింది విన్నాను. ఈసారి కథ వైకింగులది, వెయ్యేళ్ళ కిందటి ఉత్తర యూరప్ సముద్రదొంగలది. “వైకింగులు తలకి కొమ్ముల టోపీలు పెట్టుకునే యుద్ధానికి వెళ్ళేవాళ్ళు.” ఖంగుమనే గొంతు. కొండెక్కి చాటింపు వేసినట్టుంది.

తర్వాత కోయనిది. అదే వాక్యం, అదే ఖంగు. కాసేపు ఖాళీ. నేను వాల్యూం పెంచాను. ప్రొఫెసర్ ఊపిరి వదిలి, తనలో తాను గొణుక్కుంటున్నట్టు అన్నాడు: “అని బొమ్మల్లో వేస్తారు. ఒక్క ఆధారం లేదు.”

గంట పొడుగునా అదే తంతు. ఎదుటివాళ్ళ వాదన అరిచి చెప్పడం, దాన్ని కొట్టిపారేసే ముక్క గొణగడం ఆ పెద్దాయన అలవాటు. క్లాసులో ముందు వరస పిల్లలు ఎలా చెవులు రిక్కించి ఉంటారో ఊహించుకోవచ్చు. ఆ గొణుగుడు ముక్కలన్నీ కోసినదాంట్లో లేవు. అన్నీ వాక్యం చివర్లోవే. మన భాషలో అవునో కాదో చివరికి గానీ తేలదు. తోక కోస్తే వాక్యం నోరు మూసుకోదు, తిరగబడుతుంది.

కెలికినవాడెవడూ లేడు. ఈ ఫైలు ఇంకా బాబాయ్ చేతి నుంచి ఎవరికీ వెళ్ళనే లేదు.

నన్ను ఈ ఉద్యోగంలో చేర్పించిందే ఆయన. చిన్నప్పుడు భుజాన ఎత్తుకుని స్టూడియో చూపించిందీ ఆయనే. నా కార్యక్రమం ముంచితే ఆయనకేం వస్తుంది? పోనీ తొందరలో కోశాడనుకుంటే, మూడు వారాల నుంచీ తొందరేనా? ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం ఉన్నవాడు ‘కాదు’ని చెత్తబుట్టలో ఎలా వేస్తాడు?

మూడుంబావుకి ఆయన గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. కోయని రికార్డింగ్ పెద్ద స్పీకర్లో పెట్టాను. వైకింగులు యుద్ధానికి వెళ్ళారు. ఖాళీ వచ్చింది. గొణుగుడు వచ్చింది. ఆపేశాను.

“ఇప్పుడేమన్నాడు బాబాయ్?”

“ఏమంటాడు? టోపీలన్నాడు. ఆగాడు.”

“ఆగాక?”

“ఊపిరి పీల్చాడు. అది తీసేయాలి, చెవికి అడ్డం.”

మళ్ళీ పెట్టాను. ఇంకాస్త పెంచాను.

“ఫ్యాను మోత అది. ఆ స్టూడియోలో ఫ్యాను ఎప్పట్నుంచో మార్చమంటున్నాను.”

బాబాయ్ నా మొహం చూశాడు. స్పీకర్ చూశాడు. మళ్ళీ నా మొహం చూశాడు. మెల్లగా కుర్చీలో వెనక్కి వాలాడు.

“అక్కడ మాట ఉందా?” అన్నాడు.

తలూపాను.

“ఎన్ని కోశాను?”

“ఈ ఒక్కదాంట్లోనే పదిహేడు.”

హెడ్‌ఫోన్స్ మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. వైరు చుట్టచుట్టి పక్కకి జరిపాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు.

“ముందు ఎడమ చెవి పోయింది. పోయిన చలికాలంలో. జలుబనుకున్నాను. తగ్గింది, మళ్ళీ వచ్చింది. తర్వాత కుడిదాంట్లో కూడా సన్న గొంతులు, తగ్గు గొంతులు పోవడం మొదలైంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఊళ్ళో డాక్టరు కాదు, బస్సెక్కి వేరే ఊరు వెళ్ళాను, తెలిసినవాళ్ళు చూస్తారని. ఇంకా తగ్గుతుందన్నాడు. మిషను పెట్టుకోమన్నాడు. చెవికి మిషను పెట్టుకుని ఎడిటింగ్ గదిలో కూర్చుంటే ఏమంటారే నన్ను? కళ్ళు లేని డ్రైవరన్నట్టు ఉండదూ? అందుకని స్క్రీన్ చూసి కోయడం నేర్చుకున్నాను. గీత లేచినచోట మాట, పడుకున్నచోట ఖాళీ. మనుషులతోనైతే పెదాలు చూస్తాను. నీ పెదాలు బాగా తెలుస్తాయి, చిన్నప్పట్నుంచీ చూస్తున్నానుగా. మీ పిన్ని వంటగదిలోంచి వెనక్కి తిరిగి మాట్లాడుతుంది, ఏమీ తెలీదు, అందుకని తలూపుతాను. అలిగాననుకుంటోంది, తెలుసు. అనుకోనీ అనుకున్నాను, నిజం తెలియడం కంటే అదే నయమనిపించింది. తగ్గు గొంతువాళ్ళు వచ్చేదాకా అంతా నడిచిపోయింది. ఆ పిరమిడ్లావిడ, ఈ ప్రొఫెసరు. వాళ్ళ చివరి మాటలకి స్క్రీన్ మీద గీత లేవదు. నేను ఖాళీ అనుకున్నాను. పొద్దున్న నువ్వొచ్చి చెప్పగానే నాకు సగం అర్థమైంది. అయినా ఎవరో కెలికారన్నాను. నీ కార్యక్రమం పోతుందని నీ పెదాల మీద చదివి కూడా అన్నాను. ఇంకా ఏడాదిన్నరుంది నా సర్వీసు, ఎలాగోలా దాటేద్దామనుకున్నాను. పద, మేడమ్ దగ్గరికి వెళ్దాం. నువ్వు మాట్లాడకు, నేను చెప్తాను. ఐదింటి బులెటిన్‌లో నా పేరు పెట్టే చదవమంటాను. ప్రొఫెసర్ గారికి మతి సరిగ్గానే ఉంది, ఆయన మాటలు కోసింది నేను. ఆయన్ని పిచ్చివాణ్ణి చేయాలని చేయలేదు. కానీ నాకు వినపడదన్న సంగతి దాచాను చూడు, అది మాత్రం కావాలనే చేశాను.”