తోడల్లుణ్ణి ఎరగనన్నవాడు

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కాలరమ్మ అనేవారు. చొక్కా మొత్తంలో మొండిది కాలరు. రెండు మూలలూ ఒకేలా రావాలి, మెడ దగ్గర ముడత పడకూడదు, తిప్పి నొక్కితే కుట్టు బయటికి కనిపించకూడదు. ఆమె కుట్టిన కాలరుకు వంక పెట్టాలంటే సూపర్‌వైజరు కళ్ళజోడు తుడుచుకుని మరీ వెతుక్కోవలసి వచ్చేది. ఆమె భర్త అక్కడే మెకానిక్కు. మేనేజరు ఆమె సొంత అక్క మొగుడు. పెళ్ళినాటికి అతనూ ఇస్త్రీ బల్ల దగ్గర చెమటలు కక్కినవాడే. యజమానుల నోట్లోంచి మాట వచ్చేలోపే పని చేసిపెడుతూ మెట్టు మెట్టుగా పైకెక్కాడు. అందుకు కాలరమ్మ ఏనాడూ కుళ్ళుకోలేదు. "మా బావగారే మేనేజరు" అని కొత్తగా చేరినవాళ్ళకు తనే చెప్పి మురిసిపోయేది.

ఒక ఏడాది వేరే దేశం నుంచి కొందరు ఆడపిల్లలు పని నేర్చుకోవడానికి వచ్చారు.

"మన కంపెనీ అక్కడ కూడా ఓ షెడ్డు వేస్తోంది. వీళ్ళకి నీ చేతి పని నేర్పు. ఇక్కడి లైను ఎక్కడికీ పోదు, నాదీ పూచీ" అన్నాడు బావ.

నేర్పింది. దాచుకోకుండా నేర్పింది. ఆ పిల్లల్లో ఒకతి తలకు పై గుమ్మం తగిలేంత పొడుగు. కాలరమ్మ పక్కనే కూర్చుని కాలరుతో పాటు భాష కూడా నేర్చేసుకుంది. కాకపోతే మర్యాదలు కలగాపులగం చేసేది. "అక్కా, నువ్వు కూర్చోండి" అనేది. లైనంతా పడీ పడీ నవ్వేది, ఆ పిల్లా నవ్వేది.

పిల్లలు తిరిగి వెళ్ళిపోయారు. పెద్ద సెలవులు ముగిశాక పనివాళ్ళు గేటు దాటి లోపలికి వెళ్ళేసరికి షెడ్డు ఖాళీ. కుట్టు యంత్రాలు ఉండే చోట నేలలో బోల్టుల రంధ్రాలు మిగిలాయి. యంత్రాలకేం, సీలు వేసిన కంటైనర్లలో దర్జాగా ఓడెక్కాయి. వాటిని ఏ దేశంవాడూ ఎందుకొచ్చావని అడగలేదు. బావ కూడా అక్కను ఇక్కడే ఉంచి, వాటి వెంటే మేనేజరుగా వెళ్ళాడు.

కొన్నాళ్ళకు తోడల్లుడికి ఫోన్ చేశాడు. "ఇక్కడ ఈ యంత్రాల గుణం తెలిసినవాడు లేడు. చుట్టపుచూపు వీసా మీద వచ్చెయ్. పని కాగితాల సంగతి నేను చూసుకుంటా."

మెకానిక్కు వెళ్ళాడు. కాగితాల మాట ఎప్పుడెత్తినా "అవుతుంది, అవుతుంది" అనేవాడు బావ. ఒకరోజు గుడ్డ కత్తిరించే యంత్రం మొరాయించింది. కరెంటు ఆపి చూస్తానన్నాడు మెకానిక్కు. ఆపితే వెనక లైనంతా ఆగిపోతుంది, నడుస్తుండగానే చూడమన్నాడు బావ. కుడిచేతి మూడు వేళ్ళు తెగిపోయాయి. బావ ఆ చేతికి గుడ్డ చుట్టి, కారెక్కించి, ఆస్పత్రి గుమ్మంలో దింపి, అటునుంచి అటే పోయాడు. వేళ్ళు షెడ్డులోనే ఉండిపోయాయి.

ఎక్కడ పనిచేస్తున్నావని నర్సు అడిగితే మెకానిక్కు బావ నంబరిచ్చాడు. ఆమె అతని ముందే ఫోన్ చేసింది. అవతలి గొంతు గది అంతటికీ వినిపించింది. "అతనెవరో నాకు తెలీదు. మా దగ్గర అలాంటివాళ్ళెవరూ లేరు." ఆ భాషలో ఆపాటి మాటలు మెకానిక్కుకు అర్థమయ్యాయి. పోలీసులు వచ్చారు. కట్టు తడి ఆరకముందే విమానం ఎక్కించారు.

ఇంటికొచ్చి భార్యతో అన్నాడు, "మీ బావ నాకు చెయ్యిచ్చాడు. నేను వేళ్ళిచ్చాను." అని తనే నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

అక్క దగ్గరికి వెళ్ళి చెప్పింది. అక్క నమ్మలేదు. "మీ బావగారు అలా అంటారటే? మత్తు మందులో మీ ఆయనకి ఏదో వినిపించి ఉంటుంది" అంది. "దెబ్బ తగిలితే మీ బావగారికి మాత్రం బాధ ఉండదా?"

కాలరమ్మ గొడవ పెట్టుకోలేదు. ఇంటికొచ్చి, పళ్ళు నూరుకుంటూ ఆలోచించింది. తర్వాత బావకు ఫోన్ చేసి గొంతులో తేనె పోసుకుంది. "జరిగిందేదో జరిగింది బావగారూ. మా ఆయన ఇక పని చెయ్యలేడు. నన్నయినా పిలిపించుకోండి."

బావకు పెద్ద ఆర్డరు నెత్తిమీదికొచ్చింది, కాలర్లు సగానికి సగం తిరిగొస్తున్నాయి. పైగా, మరదలు పగ పెట్టుకోలేదన్న నిశ్చింత. "నువ్వు మనసున్నదానివమ్మా" అన్నాడు. చుట్టపుచూపు వీసా మీదే పిలిపించాడు.

బయలుదేరేటప్పుడు భర్త అడిగాడు. "నిజంగా పనికేనా వెళ్తున్నావ్?"

"పనికే."

"ఏ పనికి?"

ఆమె పెట్టె జిప్పు లాగేసింది.

అక్కడి షెడ్డులో అడుగుపెట్టగానే ఆమె తన పాత యంత్రాన్ని గుర్తుపట్టింది. దాని మీద వేరే అమ్మాయి కూర్చుని ఉంది. పొడుగమ్మాయి ఇప్పుడు లైను పెద్ద. పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా, నువ్వు వచ్చారా" అంది. కాలరమ్మ కన్నీళ్ళు ఆపుకుంది.

ఆమెలాగే కాగితాలు లేకుండా వచ్చినవాళ్ళు అక్కడ ఇంకో పదిమంది దాకా ఉన్నారు. తలా ఒక దేశం. ఒకరి భాష ఒకరికి రాదు, దారం చుట్టిన బాబిను చూపించి నవ్వుకునేవారు. చొక్కాలు కొనే విదేశీ కంపెనీ మనుషులు తనిఖీకి వచ్చినప్పుడల్లా బావ వీళ్ళందర్నీ వెనక గుడ్డల గోడౌన్లోకి తోలి, బయట తాళం పెట్టించేవాడు. వాళ్ళు కారెక్కి వెళ్ళేదాకా చీకట్లో, గుడ్డ చుట్టల మధ్య, దగ్గు వచ్చినా మింగుకుని కూర్చోవాలి. మొదటిసారి లోపలికి తోస్తూ బావ ఆమె భుజం తట్టాడు. "నువ్వు ఇంటిమనిషివి. ఏమీ అనుకోవుగా?"

"అయ్యో, ఎందుకనుకుంటాను బావగారూ" అంది.

ఆ చీకట్లోనే ఆమెకు దారి దొరికింది.

మళ్ళీ తనిఖీ ఉందని తెలిసిన రోజు మధ్యాహ్నం చేతులు కడుక్కునే చోట పొడుగమ్మాయితో అంది. తాళం చెవి ఉండేది ఆ పిల్ల దగ్గరే. "రేపు నన్ను బయటికి రానివ్వు. వాళ్ళు లోపల ఉండగా."

పిల్ల మొహం పాలిపోయింది. "వద్దక్కా. వాళ్ళు చూస్తే ఆర్డరు తీసేస్తారు. ఆర్డరు పోతే షెడ్డు పోతుంది. ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం."

"మా షెడ్డు పోయినప్పుడు ఎవరైనా ఆలోచించారా?"

"నేను ఆలోచించాను" అంది పిల్ల. "నేను ఏడ్చాను. మీరు నువ్వు కూడా అలాగే చేస్తారా?"

అయినా కాలరమ్మ వెనక్కి తగ్గలేదు. మొగుడి చేతికి చుట్టిన గుడ్డ, ఆస్పత్రి గుమ్మం, ఆ ఫోను మాట తప్ప ఆమె బుర్రలో ఇంకేదీ నిలవడం లేదు. "నువ్వు తాళం తియ్యకపోతే మానెయ్. నేను చూసుకుంటాను" అని కొళాయి కట్టేసి వచ్చేసింది.

మర్నాడు తనిఖీకి ఇద్దరు వచ్చారు, ఒక నడివయసు ఆవిడ, ఒక కుర్ర ఉద్యోగి. బావ కొత్త చొక్కా వేసుకుని, కాలరెగరేసుకుని, ముందు నడుస్తున్నాడు. గోడౌన్లో కాలరమ్మ వాళ్ళ అడుగుల చప్పుడు దగ్గర పడేదాకా ఆగింది. గుడ్డ చుట్టలోంచి లాగి పెట్టుకున్న ఇనుప గొట్టం ఎత్తి తలుపు మీద కొట్టింది. పక్కనున్న ముసలాయన భయపడి ఆమె కొంగు లాగాడు. ఆమె మళ్ళీ కొట్టింది. ఆ ముసలాయన ఒక క్షణం ఆమె మొహంలోకి చూసి, తనూ పిడికిళ్ళతో బాదడం మొదలుపెట్టాడు. తర్వాత అందరూ బాదారు.

బయట ఆవిడ ఏదో అడిగింది. బావ నవ్వుతూ ఏదో చెప్పాడు, రిపేరు అన్న మాట వినిపించింది. ఆవిడ గొంతు పెరిగింది. తాళం తిరిగిన చప్పుడు.

తలుపు తీసింది పొడుగమ్మాయే. ఎవరి వైపూ చూడకుండా పక్కకు జరిగి నిలబడింది.

బయటికొచ్చినవాళ్ళను చూసి బావ మొహం మాడిపోయింది. అయినా తేరుకున్నాడు. చేతులు ఊపుతూ, దొంగలు దూరినట్టున్నారనీ, వీళ్ళలో ఒక్కరూ తనకు తెలియదనీ ఆవిడకు చెప్పాడు. ఆ కొన్ని మాటలు అర్థం చేసుకునేపాటి భాష ఈ నెలల్లో కాలరమ్మకు కూడా వచ్చింది.

ఆమె జాకెట్టులోంచి ఫోన్ తీసి అక్కకు వీడియో కాల్ చేసింది.

అక్క తెర మీదికొచ్చింది. హాల్లో సోఫాలో కూర్చుని ఉంది. వెనక గోడమీద పెద్ద పెళ్ళి ఫోటో. "ఏమే, పని వేళ ఫోనేంటే? మీ బావగారు చూస్తే ఊరుకుంటారా?"

"ఇక్కడే ఉన్నారక్కా. ఇదిగో, మాట్లాడు" అంటూ ఫోన్ బావ మొహానికి ఎదురుగా పెట్టింది.

"ఏవండీ, మా చెల్లి ఎలా చేస్తోందండీ?" అంది అక్క, మురిపెంగా. "అది వచ్చాక కాలర్లు తిరిగి రావడం లేదన్నారుగా మొన్న."

బావ మొహం పక్కకు తిప్పుకున్నాడు. తనిఖీకొచ్చిన ఆవిడ పొడుగమ్మాయి వైపు తిరిగి, ఏమంటోంది అని అడిగింది. పిల్ల తలెత్తకుండానే ఒక్కొక్క మాటా వాళ్ళ భాషలో చెప్పేసింది. ఆవిడ ఫోన్ అందుకుంది. పెళ్ళి ఫోటోలో పెళ్ళికొడుకును చూసింది, ఎదురుగా ఉన్న మనిషిని చూసింది. పెళ్ళికూతురి పక్కన నవ్వుతూ నిలబడ్డ చెల్లెల్ని చూసి కాలరమ్మ వైపు తిరిగింది.

బావ గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు. "అమ్మా, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. మనం మనం ఒకటి."

"మా ఆయన ఆస్పత్రిలో పడుంటే గుర్తు రాలేదా బావగారూ, మనం మనం ఒకటని?"

తెరమీద అక్క "ఏంటే? ఏం జరుగుతోందే అక్కడ?" అని అడుగుతూనే ఉంది. కాలరమ్మ ఫోన్ తీసుకుని కట్టేసింది. లోపల, ఎండాకాలంలో కుండనీళ్ళు తాగినంత చల్లగా ఉంది.

తర్వాత జరగాల్సినవి చకచకా జరిగిపోయాయి. కాగితాల్లేని వాళ్ళందర్నీ పోలీసులు తీసుకెళ్ళి ఒక పొడుగాటి గదిలో ఉంచారు. ముసలాయన గోడకు తిరిగి పడుకుని, ఎవరు పలకరించినా లేవలేదు. కాలరమ్మ ఆ గదిలో, అన్ని నెలల తర్వాత మొదటిసారి, ఆదమరిచి నిద్రపోయింది. విదేశీ కంపెనీ ఆర్డరు రద్దు చేసింది. యజమానులు బావను పిలిచి, ఇదంతా అతను తమకు తెలియకుండా చేసిన పని అని పేపరు వాళ్ళకు చెప్పి, మెడపట్టి బయటికి గెంటారు. షెడ్డు మూతపడింది. యంత్రాలు మళ్ళీ కంటైనర్లెక్కి మూడో దేశానికి వెళ్ళాయి.

ఆమె తిరిగొచ్చాక భర్త అంతా విన్నాడు. మంచివాడు, బాధపడతాడేమో, ఎందుకిలా చేశావంటాడేమో అనుకుంది. అతను కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"మొహం ఎలా పెట్టాడు?"

చెప్పింది.

"మళ్ళీ చెప్పు" అన్నాడు.

కొన్నాళ్ళకు పొడుగమ్మాయి ఫోన్ చేసింది. యంత్రాలు వెళ్ళిన దేశానికే తనూ వెళ్ళిందట. చుట్టపుచూపు వీసా మీద. "ఇప్పుడు గోడౌన్లో నేను కూర్చుంటాను అక్కా" అంది మామూలుగా. షెడ్డులో మిగతావాళ్ళు పని లేక ఇళ్ళలోనే ఉన్నారని చెప్పింది.

"నా మీద కోపమా?" అంది కాలరమ్మ.

"చాలా" అంది పిల్ల. "మీ చేతి పని మాత్రం మర్చిపోలేదు." ఆ తర్వాత ఇంకెప్పుడూ ఫోన్ ఎత్తలేదు.

అక్క ఎదురుపడింది ఒక సాయంత్రం, బస్టాపులో. చిక్కిపోయింది. బావ ఇల్లు కదలడం లేదనీ, ఎవరూ పని ఇవ్వడం లేదనీ లోకులు చెప్పుకోగా కాలరమ్మ విన్నదే.

"నా నోటితోనే నా మొగుణ్ణి పట్టించావు కదే" అంది అక్క.

"అవును."

"మీ ఆయన వేళ్ళకి నా సంసారం బదులా?"

"బావగారు తెలీదన్నారని నీకు చెప్పాను. నువ్వు నమ్మి ఉంటే ఇంకో దారి వెతికేదాన్ని."

"ఇప్పుడు నమ్ముతున్నాను" అంది అక్క. "నమ్మినా నిన్ను క్షమించలేను."

"క్షమించమని నేను అడగలేదక్కా."

బస్సు వచ్చింది. ఇద్దరూ అదే బస్సెక్కాలి. అక్క ముందు తలుపు నుంచి ఎక్కింది, కాలరమ్మ వెనక తలుపు నుంచి. దిగేదాకా ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పలేదు.